పిల్లాపాపలతో థీమ్ పార్కు: టికెట్ కొనడం నుంచి తిరుగు ప్రయాణం దాకా

థీమ్ పార్కులో డబ్బు కంటే ముందు కరిగిపోయేవి సమయం, ఓపిక. గేటు తెరిచినప్పటి నుంచి మూసేదాకా పది పన్నెండు గంటలు చేతిలో ఉన్నట్టే కనిపిస్తుంది. రద్దీ రోజున ఏ ఆలోచనా లేకుండా వెళితే అందులో ఎక్కువ భాగం క్యూల్లో, భోజనం దగ్గర, నడకలో పోతుంది. గంట నిలబడి ఎక్కిన రైడ్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముందుగా తేల్చుకోవలసినవి రెండే: ఏ గంటలో ఏ క్యూలో నిలబడాలి, ఇంట్లో అందరికంటే తొందరగా అలిసిపోయేవాళ్లు ఏ వేళకు అలిసిపోతారు. ఎన్ని రైడ్లు ఎక్కాలన్నది ఆ తర్వాతి మాట.

1. రోజు, టికెట్

బడి సెలవులు, పండగలు, వరుసగా మూడు రోజులు కలిసొచ్చే వారాంతాలు తప్పించగలిగితే సగం పని అయినట్టే. వారం మధ్యలో, అంటే మంగళ, బుధ, గురువారాల్లో, సాధారణంగా రద్దీ తక్కువ. అయితే జనం తక్కువగా ఉండే కాలంలోనే పార్కులు మరమ్మతులు పెట్టుకుంటాయి, వేళలూ కుదిస్తాయి. అందుకని టికెట్ కొనే ముందు పార్కు అధికారిక సైట్‌లో మూడు విషయాలు చూడండి: ఆ రోజు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూస్తారు, ఏ రైడ్లు మరమ్మతులో ఉన్నాయి, సాయంత్రం విడిగా టికెట్ పెట్టే వేడుక ఏదైనా ఉందా. ఉదాహరణకు ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్, క్రిస్మస్ పార్టీలు జరిగే రోజుల్లో మామూలు టికెట్ ఉన్నవాళ్లు సాయంత్రానికే బయటికి రావాలి. రాత్రి బాణసంచా చూడాలనుకునేవాళ్లకు అది నష్టం. చిన్న పిల్లలతో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాళ్లకు మాత్రం మంచి రోజే, ఎందుకంటే బాణసంచా కోసం వచ్చేవాళ్లు ఆ రోజు రారు.

పిల్లల టికెట్‌కు ఒక్కో పార్కులో ఒక్కో నియమం. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకు పిల్లల టికెట్, పదేళ్లు నిండితే పెద్దల టికెట్. కొన్ని పార్కులు వయసు చూడవు, ఎత్తు చూస్తాయి. పుట్టినరోజు దగ్గర్లో ఉన్న పిల్లలుంటే పుట్టినరోజు రాకముందే వెళ్లొచ్చినా ఖర్చు తగ్గవచ్చు.

ఒక్క రోజులో ఒకటి కంటే ఎక్కువ పార్కులు తిరగనిచ్చే హాపర్ టికెట్ అందరికీ గిట్టుబాటు కాదు. కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన డిస్నీల్యాండ్‌కు ఎదురుగానే రెండో పార్కు గేటు ఉంటుంది, నడిచి అటూ ఇటూ వెళ్లవచ్చు. అక్కడ హాపర్ పనికొస్తుంది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులూ దూరదూరంగా ఉంటాయి. బస్సు కోసం ఎదురుచూడటం, ఎక్కడం, మళ్లీ తనిఖీ, ఇవన్నీ కలిపితే గంట దాకా పోతుంది. ఐదేళ్ల పాపతో మధ్యాహ్నం పూట ఆ పని పెట్టుకోవద్దు.

యాత్ర నాలుగైదు రోజులైతే రెండు పార్కు రోజుల తర్వాత ఒక ఖాళీ రోజు ఉంచండి. పార్కులో రోజుకు పది కిలోమీటర్ల పైన నడక మామూలే. మూడో రోజు పొద్దున పిల్లలు పేచీ పెట్టేది మొండితనంతో కాదు, కాళ్ల నొప్పులతో.

2. బయల్దేరే ముందే ఎత్తు కొలవండి

ఇంట్లో గోడకు ఆనించి, పార్కుకు వేసుకెళ్లే బూట్లతోనే పిల్లల ఎత్తు కొలిచి రాసుకోండి. తర్వాత సైట్‌లో ప్రతి రైడ్ పక్కన ఉన్న కనీస ఎత్తుతో సరిచూడండి. తేడాలు చాలా ఉంటాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, అంటే 97 సెంటీమీటర్లు ఉంటే చాలు. అదే పార్కులో స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు కావాలి, అంటే 112 సెంటీమీటర్లు. ఫ్లోరిడాలోనే ఉన్న యూనివర్సల్ ఓర్లాండోలో హల్క్ రోలర్ కోస్టర్‌కు 54 అంగుళాలు, 137 సెంటీమీటర్లు.

ఒక సెంటీమీటరు తక్కువున్నా సిబ్బంది ఎక్కించరు. బతిమాలినా, బూట్లలో గుడ్డలు కుక్కినా ప్రయోజనం లేదు, పైగా ప్రమాదం. ఒడి మీదకి దిగే కడ్డీ, భుజాల మీద పడే పట్టీ ఒక కొలత శరీరాన్ని పట్టి ఉంచేలా తయారవుతాయి. అంతకంటే చిన్న శరీరం వాటి కిందనుంచి జారగలదు. ఏ రైడ్ ఎక్కలేరో పిల్లలకు ఇంట్లోనే చెప్పేయండి. గంట క్యూలో నిలబడ్డాక కొలకర్ర దగ్గర వెనక్కి పంపితే వచ్చే ఏడుపును ఆపడం ఎవరి తరమూ కాదు.

భారీ శరీరం ఉన్న పెద్దవాళ్లకూ ఇదే సంగతి. పెద్ద కోస్టర్లలో చాలావాటి క్యూ మొదట్లోనే నమూనా సీటు పెడతారు. అక్కడే కూర్చుని పట్టీ పడుతుందో లేదో చూసుకోండి.

ఈ పని అయ్యాక రైడ్లను మూడు వరుసల్లో రాయండి: అందరూ కలిసి ఎక్కేవి, కొందరే ఎక్కగలిగేవి, ఎవరికీ ఆసక్తి లేనివి. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరిని ‘ఇది మాత్రం తప్పకూడదు’ అనేది ఒక్కటే చెప్పమనండి. నలుగురి కుటుంబానికి నాలుగు రైడ్లు. రోజు వీటి చుట్టూ అల్లుకోవాలి, మిగతావి దొరికినప్పుడు దొరుకుతాయి. పెద్ద పట్టిక వేసుకుని దాని వెంట పరుగెత్తే కుటుంబాలే మధ్యాహ్నం రెండింటికి ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ కనిపిస్తాయి.

3. క్యూ ఎలా నడుస్తుందో తెలుసుకోండి

అన్నిటికంటే ఎక్కువ లాభం ఇక్కడే. ఒక కోస్టర్ రైలుకు 24 సీట్లు ఉన్నాయనుకోండి. తొంభై సెకన్లకు ఒక రైలు బయల్దేరితే గంటకు 40 రైళ్లు, 960 మంది. మీ ముందు 800 మంది ఉంటే 50 నిమిషాలు నిలబడాలి. రద్దీ తక్కువని సిబ్బంది ఒక రైలును పక్కనపెట్టి, మూడు నిమిషాలకొకటి పంపుతుంటే అదే క్యూకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. అంటే క్యూ పొడుగు చూసి మోసపోకూడదు, అది కదిలే వేగం చూడాలి. నీళ్లలో పడవల మీద నెమ్మదిగా సాగే రైడ్లు, ఆగకుండా కదిలే బళ్లలో ఎక్కించుకునేవి గంటకు చాలామందిని మోయగలవు. వాటి క్యూ చూడటానికి భయపెట్టినా త్వరగా కదులుతుంది. పిల్లల కోసం పెట్టే చిన్న ఎగిరే బళ్లు, తిరిగే కప్పులు ఒక విడత పూర్తిగా ఆగి, దించి, మళ్లీ ఎక్కించుకోవాలి. అక్కడ పొట్టి క్యూ కూడా అరగంట తింటుంది. చిన్న పిల్లలున్నవాళ్లు పొద్దున్నే ఎక్కవలసినవి ఇవే.

ఇంకో సంగతి. రైడ్ గంటకు మోసేది పొద్దునా మధ్యాహ్నమూ దాదాపు ఒకటే, జనం మాత్రం పదకొండు దాకా వస్తూనే ఉంటారు. కాబట్టి మొదటి గంటన్నరలో మూడు నాలుగు పెద్ద రైడ్లు అయిపోతాయి, మధ్యాహ్నం అంతే సేపట్లో ఒకటి కావడం కష్టం. గేటు తెరిచే వేళకు కాదు, కనీసం 45 నిమిషాల ముందు పార్కింగ్‌లో ఉండండి. అక్కడి నుంచి గేటు దాకా నడక, సంచుల తనిఖీ, టికెట్ స్కాన్, ప్రతి చోటా కొంత సమయం పోతుంది. డిస్నీ వరల్డ్‌లోని డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లను రోజూ అరగంట ముందు లోపలికి పంపుతారు. ఆ అరగంటలో వచ్చే లాభం చాలా పెద్దది, హోటల్ ఎంచుకునేటప్పుడు దాన్నీ లెక్కలో వేసుకోండి.

గేటు తెరవగానే అందరూ పరుగెత్తేది ఒకే కొత్త రైడ్ వైపు. మీరు గుంపులో ముందు లేకపోతే దాని జోలికి పోవద్దు, నేరుగా పార్కు వెనక భాగానికి నడిచి రెండో మూడో పేరున్న వాటితో మొదలుపెట్టండి.

క్యూ తప్పించే పద్ధతుల్లో ఉచితమైనవి ముందు చూడాలి. ఎత్తు చాలని పిల్లలున్న కుటుంబాలకు దొరికే గొప్ప సౌకర్యం మార్పిడి పద్ధతి. డిస్నీలో దీన్ని రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్‌లో చైల్డ్ స్వాప్. క్యూ మొదట్లో ఉన్న సిబ్బందికి అందరూ కలిసి కనబడి అడగాలి. ఒకరు రైడ్ ఎక్కుతుంటే రెండోవారు పాప దగ్గర ఉంటారు, తర్వాత రెండోవారు మళ్లీ పూర్తి క్యూలో నిలబడకుండా ఎక్కుతారు. ముందు ఒకరు ఎక్కేసి వచ్చాక అడిగితే కుదరకపోవచ్చు.

సింగిల్ రైడర్ వరుస ఖాళీ సీట్లను నింపడానికి. చాలా వేగంగా కదులుతుంది, కాకపోతే మిమ్మల్ని విడివిడిగా కూర్చోబెడతారు. పెద్ద పిల్లలకు బాగుంటుంది. డిస్నీలో ఏడేళ్లలోపు పిల్లల పక్కన కనీసం 14 ఏళ్లవాళ్లు ఉండాలి కాబట్టి చిన్నవాళ్లకు ఈ దారి లేదు. వర్చువల్ క్యూ, అంటే నిలబడకుండా యాప్‌లోనే చోటు తీసుకునే వరుస ఉంటే, యాప్‌లో చెప్పిన నిమిషానికి నొక్కాలి. ఒక్కోసారి చోట్లు క్షణాల్లో అయిపోతాయి, అందుకని కుటుంబంలో ఇద్దరు తమ తమ ఫోన్లతో సిద్ధంగా ఉండాలి.

ఇక డబ్బిచ్చి కొనే పాసులు. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్‌ను ఉచితంగా మొదలుపెట్టింది, ఇప్పుడు లైట్నింగ్ లేన్ పేరుతో డబ్బు తీసుకుంటోంది. యూనివర్సల్‌లో ఎక్స్‌ప్రెస్ పాస్. పార్కులో ఒక్క రోజే ఉండి, అది రద్దీ రోజైతే కొనండి. రెండు మూడు రోజులుండి, పొద్దున్నే లేవగలిగితే చాలా కుటుంబాలకు అవసరం పడదు. కొనే ముందు అది ఏ రైడ్లకు చెల్లుతుందో, వాటిలో మీ పిల్లలు ఎక్కగలిగేవి ఎన్నో లెక్కపెట్టండి. 95 సెంటీమీటర్ల బాబు పేరున కొన్న పాసులో సగం రైడ్లు అతనికి పనికిరావు.

పరేడ్ మొదలయ్యే వేళకు దారికి దూరంగా ఉన్న రైడ్ల క్యూలు తగ్గుతాయి. మూసే వేళ కూడా మంచిదే. చాలా పార్కుల్లో మూసే నిమిషానికి క్యూలో ఉన్నవాళ్లందరినీ ఎక్కిస్తారు. కాబట్టి పెద్ద పిల్లలున్నవాళ్లు ఒక పెద్ద రైడ్‌ను చివరి పావుగంటకు ఉంచుకోవచ్చు.

4. ముందురోజు రాత్రి

పార్కు యాప్ పెట్టుకుని, లాగిన్ అయి, అందరి టికెట్లూ అందులో చేర్చి, కార్డు వివరాలు నింపేయండి. గేటు దగ్గర జనం మధ్య నెట్‌వర్క్ నెమ్మదిస్తుంది, పాస్‌వర్డ్ గుర్తురాదు. టికెట్ల స్క్రీన్‌షాట్లు ఇంకో ఫోన్‌లోనూ ఉంచండి. యాప్, కెమెరా కలిసి మధ్యాహ్నానికే బ్యాటరీ తాగేస్తాయి. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ పవర్ బ్యాంక్ ఒకటి, రెండు కేబుళ్లు ఉంటే ఇద్దరికి సరిపోతుంది.

సంచి ఒకటే తీసుకోండి, వీపుకు తగిలించుకునేది. అందులో తలా ఒక అర లీటరు నీళ్ల సీసా, ఒక్కో చిన్న పిల్లకి ఒక జత బట్టలు, అందరికీ ఒక్కో జత అదనపు మేజోళ్లు, పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు మూడు నాలుగు, తడి తుడుపు కాగితాలు, బొబ్బలకు అంటించే ప్లాస్టర్లు, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్, రోజూ వాడే మందులు. గట్టి చప్పుళ్లకు బెదిరే పిల్లలుంటే చెవులు కప్పే హెడ్‌ఫోన్లు. ఇంతే. గాజు సీసాలు, పెద్ద చక్రాల పెట్టెలు, సెల్ఫీ స్టిక్‌లు చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. పిల్లలను కూర్చోబెట్టి తోసే బండికి, అంటే స్ట్రోలర్‌కూ కొలతలున్నాయి. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటితే లోపలికి రానివ్వరు.

స్ట్రోలర్ మానేసిన నాలుగైదేళ్ల పిల్లలకు కూడా పార్కు రోజున అది కావాలి. మధ్యాహ్నం అందులో కునుకు తీసే పిల్లలు రాత్రి బాణసంచా దాకా ఉంటారు. గుర్తుపట్టడానికి పిడికి ఒక రంగు గుడ్డ కట్టండి, సిబ్బంది స్ట్రోలర్లను జరిపి సర్దుతుంటారు. విలువైన వస్తువులేవీ అందులో వదలొద్దు.

బూట్లు కొత్తవి వద్దు, కనీసం రెండు వారాలు వాడినవై ఉండాలి.

5. ఆ రోజు నడక

మొదటి రెండు గంటలు ఫొటోలు, దుకాణాలు, అల్పాహారం అన్నీ పక్కన పెట్టి రైడ్లే. తినడం బయల్దేరేముందే కానివ్వండి. పదకొండు ప్రాంతంలో, జనం భోజనానికి కదలకముందే మధ్యాహ్న భోజనం ముగించండి, కుదరకపోతే రెండు దాటాక. పన్నెండున్నరకు తినాలనుకుంటే భోజనానికి కూడా రైడ్‌కు నిలబడినంత సేపు నిలబడాలి. యాప్‌లో ఆర్డర్ పెట్టే వీలుంటే ఆకలి వేయకముందే, క్యూలో ఉన్నప్పుడే పెట్టేయండి.

పన్నెండు నుంచి మూడు దాకా ఎండ, రద్దీ రెండూ ముదురుతాయి. ఆ వేళకు ఏసీ హాల్లో జరిగే ప్రదర్శనలు, రైలు బండి, నెమ్మదిగా తిరిగే ఇండోర్ రైడ్లు ఉంచుకోండి. హోటల్ దగ్గరగా ఉంటే వెళ్లి రెండు గంటలు పడుకుని రావడం ఇంకా మంచిది. టికెట్ డబ్బు వృథా అవుతోందని మనసు పీకుతుంది. నిజానికి ఎవరికీ ఓపిక లేని రెండు గంటలను ఇచ్చి, చల్లని సాయంత్రం మూడు గంటలు కొనుక్కుంటున్నారు. బయటికి వెళ్లే ముందు అదే టికెట్‌తో మళ్లీ లోపలికి రానిస్తారో లేదో గేటు దగ్గర అడగండి.

నీళ్ల రైడ్లు అందరూ ఎండ వేళకే ఎక్కుతారు కాబట్టి క్యూ అప్పుడే పెరుగుతుంది. పదకొండు లోపల గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్లండి. ఫోన్లు జిప్ సంచిలో వేసి లాకర్‌లో పెట్టండి. తడిసిన మేజోళ్లతో గంటసేపు నడిస్తే మడమలకు బొబ్బలు ఖాయం, దిగగానే మార్చుకోండి. మడమ దగ్గర మంట మొదలవగానే ప్లాస్టర్ వేయాలి. బొబ్బ లేచాక వేస్తే ఆ రోజుకు నడక అయిపోయినట్టే.

వాన వచ్చిందని గేటు వైపు పరుగెత్తకండి. చినుకులకు చాలా రైడ్లు ఆగవు. మెరుపులుంటే ఆరుబయటి కోస్టర్లు ఆపుతారు, అప్పుడు లోపలి రైడ్లకు వెళ్లండి. వాన వెలిశాక ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లు తిరిగిరారు. తిరిగి తెరుచుకునే కోస్టర్ దగ్గర ముందుగా చేరేది రెయిన్‌కోటు తెచ్చుకున్నవాళ్లే.

6. కడుపు, తల, ఎండ

తల తిరగడం, కడుపులో తిప్పడం ఎందుకంటే కన్ను ఒకటి చెబుతుంటే లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది. ఆరుబయటి రైడ్‌లో అయితే దూరంగా కదలని దాని మీద చూపు నిలపాలి. తెర మీద బొమ్మ కదిలే సిమ్యులేటర్‌లో అయితే కళ్లు మూసుకోవాలి. ఊగే ఓడ చివర్లలో ఊపు ఎక్కువ, మధ్యలో తక్కువ. కోస్టర్‌లోనూ మధ్య పెట్టె కాస్త మెత్తన. ఆఖరి పెట్టె గుట్ట దిగేటప్పుడు గట్టిగా లాగుతుంది. భయపడే పిల్లలను మొదటిసారి మధ్యలో కూర్చోబెట్టండి. ప్రయాణపు వాంతులకు మందు వేసుకునే అలవాటున్నవాళ్లు రైడ్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, వాంతి వచ్చాక వేసుకుంటే పనిచేయదు. పిల్లలకు ఎంత ఇవ్వాలో డాక్టరును ముందే అడగండి. నిండు కడుపుతో గానీ పూర్తిగా ఖాళీ కడుపుతో గానీ తిరిగే రైడ్లు వద్దు.

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి పిల్లలతో రెండు మూడు గుక్కలు తాగించండి. అమెరికా డిస్నీ పార్కుల్లో తినుబండారాల కౌంటర్ల దగ్గర అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్ల రైడ్ దిగాక వెంటనే మళ్లీ రాయాలి. తలనొప్పి, వికారం, మొహం ఎర్రబడటం, చాలాసేపు మూత్రానికి వెళ్లకపోవడం కనిపిస్తే నీడలోకి తీసుకెళ్లి చల్లబరచండి, నీళ్లు పట్టించండి. మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా ప్రథమ చికిత్స కేంద్రానికి తీసుకెళ్లాలి. అది ఎక్కడుందో లోపలికి రాగానే మ్యాప్‌లో చూసి పెట్టుకోండి.

గర్భిణులు, గుండె జబ్బు, మెడ, నడుము నొప్పులున్నవాళ్లు రైడ్ ముందున్న హెచ్చరిక బోర్డును మొహమాటం లేకుండా పాటించాలి. నడవలేని పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ పొద్దున్నే అద్దెకు తీసుకోండి, తర్వాత దొరకకపోవచ్చు. ఆటిజం వంటి కారణాలతో క్యూలో నిలబడలేని పిల్లలకు చాలా పార్కుల్లో ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. దానికి ముందుగానే నమోదు చేసుకోవలసి రావచ్చు, గేటు దగ్గర అడుగుదామని ఆగొద్దు.

7. పిల్లలు తప్పిపోకుండా

పొద్దున గేటు దగ్గర ఒక్కొక్కరినీ నిలువెత్తున ఫొటో తీయండి. తప్పిపోతే ఏ బట్టలు వేసుకున్నారో కంగారులో గుర్తురాదు, ఫొటో చూపితే చాలు. చిన్నవాళ్ల చేతికి మీ ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టండి. పేరు బిళ్ల పెట్టుకున్న సిబ్బందిని చూపించి, ‘మేం కనబడకపోతే ఇలాంటివాళ్ల దగ్గరకే వెళ్లు’ అని చెప్పండి. తప్పిపోయారని అనిపించగానే మీరే వెతుక్కుంటూ తిరగకుండా దగ్గర్లో ఉన్న సిబ్బందికి చెప్పాలి. ఒకరు అక్కడే నిలబడాలి, ఎందుకంటే పిల్లలు చాలాసార్లు చివరిగా మిమ్మల్ని చూసిన చోటికే వస్తారు. విడిగా తిరిగే పెద్ద పిల్లలకు ఫోన్ మీద ఆధారపడకుండా ఒక చోటు, ఒక వేళ చెప్పి పంపండి.

8. బొమ్మలు, తిరుగు ప్రయాణం

దుకాణాల దగ్గర గొడవలు రాకుండా ఉండాలంటే ఒక్కో పిల్లకి ఇంత అని ముందే చెప్పి, ఆ డబ్బు వాళ్లే లెక్కచూసుకునేలా చేయండి. పొద్దున్నే కొంటే రోజంతా మోయాలి, పగులుతుంది, పోతుంది. నచ్చింది ఫొటో తీసుకుని సాయంత్రం కొనండి. కాకపోతే బాణసంచా అయిపోగానే దుకాణాలు కిక్కిరిసిపోతాయి, దానికి గంట ముందు వెళ్లండి.

జనమంతా ఒకేసారి పార్కింగ్ వైపు కదులుతారు. పిల్లలు నిద్రకు తూగుతుంటే బాణసంచాను గేటు దగ్గర నుంచి చూసి ముందే బయటపడండి. మెలకువగా ఉంటే లోపలే ఒక బల్ల దగ్గర అరగంట కూర్చుని, గుంపు పల్చబడ్డాక కదలండి. కారు ఆపిన వరుస నంబరు పొద్దున్నే ఫొటో తీసి ఉంచకపోతే ఆ చీకట్లో వెతకడం నరకం.

గదికి చేరాక అందరి కాళ్లూ కడిగి, ఆరబెట్టి, మడమలు, వేళ్ల సందులు చూడండి. తడిసిన బూట్ల లోపలి అట్టలు తీసి, కాగితాలు ఉండలు చుట్టి కుక్కండి, తెల్లారేసరికి చాలావరకు ఆరుతాయి. పవర్ బ్యాంక్ ఛార్జింగ్‌లో పెట్టి, మర్నాటి పార్కు వేళలు మారాయేమో యాప్‌లో ఒకసారి చూసి పడుకోండి.